హ్యాండిల్ తిప్పితే బ్రేకు పడింది

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి సైకిలు వేసుకుని పాల పాకెట్లకి వెళ్లాను. ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో రైలు గేటు దాటాక ఎడమ చేతి వైపు ఒక ఇరుకు సందు ఉంది, అందులోకి తిరగాలంటే హ్యాండిల్ బాగా వంచాలి, వంచాను, అంతే, ముందు చక్రాన్ని ఎవరో చేత్తో పట్టేసుకున్నట్టు బండి టక్కున ఆగిపోయింది. బ్రేకు లివర్ మీద నా వేలు కూడా లేదు, ఒట్టు. మెల్లగా పోతున్నా కాబట్టి సరిపోయింది, మోకాలు గీసుకుని, ఒక పాకెట్టు పగిలి అంతటితో పోయింది. టీ కొట్టు బల్ల మీద కూర్చున్న పెద్దాయన "ముందు బ్రేకు ఎందుకు కొట్టినావు బాబూ, పల్టీ కొట్టేస్తది కదా" అన్నాడు. నేను కొట్టలేదండీ అదే పడింది అంటే నమ్మేదెవరు. లేచి బట్టలు దులుపుకుని అక్కడే నిలబడి హ్యాండిల్ ఎడమకి తిప్పాను, బ్రేకు పడింది. తిన్నగా పెట్టాను, వదిలింది. మళ్లీ తిప్పాను, మళ్లీ పడింది. ఈసారి పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి మరీ వచ్చి చూశాడు. "ఇదేటిది, దెయ్యం బండిలాగుంది!"

దెయ్యం ఎవరో కాదు, నేనే.

అంతకు వారం ముందు, సర్వీసింగ్ ఇంట్లోనే చేసేద్దాం, షాపుకి ఎందుకు అని కూర్చున్నా. హ్యాండిల్ ముందు నాలుగు కేబుళ్లు వేలాడుతుంటాయి కదా, రెండు బ్రేకులవి, రెండు గేర్లవి, వాటిని చూస్తే చిరాకేసింది, ఎలక్ట్రీషియన్లు వాడే ప్లాస్టిక్ టై ఒకటి తీసుకుని నాలుగింటినీ ఒక కట్టగా చేసి ఫ్రేముకి, అంటే ముందర స్టిక్కర్ ఉండే ఆ పొట్టి గొట్టానికి బిగించి కట్టేశాను. షోరూమ్ బండిలా నీటుగా కనిపించింది, ఫొటో కూడా తీసుకున్నా. తప్పు అక్కడే జరిగింది. ముందు బ్రేకు ఉండేది ఫోర్కు మీద, అంటే ముందు చక్రానికి రెండు పక్కలా దిగే ఆ కాళ్ల మీద. ఫోర్కూ హ్యాండిలూ కలిసే తిరుగుతాయి, లివర్ ఎటు పోతే బ్రేకూ అటే పోతుంది, కాబట్టి హ్యాండిల్ తిరిగిన సంగతి ముందు బ్రేకు కేబుల్‌కి తెలియను కూడా తెలియకూడదు, దానికి ఫ్రేముతో చుట్టరికమే లేదు. వెనక బ్రేకుదీ గేర్లవీ వేరే కథ, అవి తిరిగే హ్యాండిల్ నుంచి తిరగని ఫ్రేము మీదకి పోవాలి, అందుకే వాటికి ముందర కాస్త వదులు వంపు ఉంచుతారు. నేను ఈ ముందుదాన్ని కూడా వాటితో కలిపి కట్టి పడేశాను. హ్యాండిల్ తిరిగింది, ఔటర్‌ని, అంటే కేబుల్ పై తొడుగుని, టై పట్టి లాగింది, లోపల ఇన్నర్, అంటే అసలు తీగ, బిగుసుకుంది, బ్రేకు పడింది. ఇంత చిన్న విషయం. ఇరవై ఏళ్లుగా సైకిలు తొక్కుతున్నవాడికి తట్టలేదు.

ఇంటికొచ్చి టై కోసేశాను. కోసేస్తే అయిపోవాలి కదా, అవ్వలేదు. టై పోయాక తెలిసింది, అసలా ముందు బ్రేకే బాగాలేదు. లివర్ నొక్కితే బరువుగా, ఇసుకలో లాగుతున్నట్టు కరకరమంటోంది, వదిలితే వెంటనే వెనక్కి రావట్లేదు, తీరిగ్గా వస్తోంది. మా అమ్మాయిని అడిగితే "ఎప్పట్నుంచో అంతే నాన్నా, నేను వెనక బ్రేకే వాడతాను" అంది చాలా మామూలుగా. దాని ఫ్రెండ్ ఒకమ్మాయి, వాళ్లు ఒడియా వాళ్లు, ఆ పక్కనే ఉండి "ఆంటీకి కూడా చెప్పాం అంకుల్, బ్రేక్ ధరునాహి అని" అని నవ్వింది. పట్టట్లేదు అని రెండు భాషల్లో చెప్పినా ఇంట్లో మగాడికి వినిపించలేదన్నమాట.

ఈ వెనక బ్రేకే వాడతాను అనే మాట మీద నాకు కొంచెం కోపం ఉంది, పిల్ల మీద కాదు, మనందరి మీద. మనకి చిన్నప్పటి నుంచీ ఒకటే పాఠం, ముందు బ్రేకు ముట్టుకోకు, ఎగిరి పడతావు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకి ఒరుగుతుంది, బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లందరూ డ్రైవరు వైపు తూలినట్టు, సైకిలుకీ అంతే. ముందు చక్రం మీద బరువు పెరుగుతుంది, వెనక చక్రం తేలికైపోతుంది, తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేసినా అది జారుతుందే గానీ బండి అంత త్వరగా ఆగదు. పొడి తారు రోడ్డు మీద ఆపే పనిలో పెద్ద వాటా ముందుదే. పల్టీ కొట్టేది, ముందు బ్రేకు ఒక్కసారిగా గుద్దినట్టు పట్టినప్పుడు, చేతులు వదులుగా పెట్టి ఒళ్లంతా ముందుకి జారనిచ్చినప్పుడు. మెల్లగా నొక్కుతూ ఒత్తిడి పెంచుతూ పోతే ఆ ప్రమాదం చాలా తక్కువ. ఇసుక, తడి ఆకులు, పేడ, వీటి మీద మలుపులో మాత్రం ముందుది పట్టకూడదు, అది వేరే విషయం. మా వైపు ఊరు దాటితే అన్నీ కొండ దారులే, గండాహాతి జలపాతం వైపు పిల్లలు గుంపుగా సైకిళ్ల మీద పోతుంటారు, తిరిగొచ్చేటప్పుడు దిగుడులో వెనక బ్రేకు ఒక్కదాన్ని నమ్ముకుని దిగుతున్నారంటే నాకు కడుపులో తిప్పింది. వీళ్లు ముందు బ్రేకు వాడకపోవడానికి భయం ఒక కారణం అయితే, ఆ బ్రేకు నొక్కబుద్ధి కాకుండా ఉండటం రెండో కారణం. మొదటిది మాటలతో పోదు. రెండోది పానా పట్టుకుంటే పోతుంది.

ఇక పనిలోకి. ముందు పాత కేబుల్ విప్పాను. ఈ సైకిలు 2017లో మా పెద్దోడి కోసం కొన్నది, వాడు ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగంలో ఉన్నాడు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ బండి పెరట్లో గోడ పక్కన రెండు రోజులు తడుస్తూ పడి ఉంది, అప్పుడు ఇళ్ల మీద రేకులే ఎగిరిపోతుంటే సైకిలు ఎవడు చూస్తాడు. ఇన్నర్‌ని ఔటర్ లోంచి లాగుతుంటే రాలేదు, పట్టకారుతో పట్టి లాగితే వచ్చింది, దాంతో పాటు ఇటుక పొడి లాంటి తుప్పు బల్ల మీద గీతలా రాలింది. లివర్ దగ్గర గుండు ఉంటుంది కదా, దానికి ఒక అంగుళం కింద మూడు పోగులు తెగి మీసాల్లా లేచి ఉన్నాయి. ఆ సన్నటి తీగ మామూలుగా 19 పోగులు కలిపి మెలేసినది, మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు, మూడు తెగాయంటే మిగతావి ఎప్పుడో ఒక రోజు, అదీ గట్టిగా నొక్కిన రోజే, అంటే అవసరం పడిన రోజే తెగుతాయి. ఇంకొకటి చూశాను. ఔటర్ చివర కొన్నప్పుడు ఎవరో మామూలు కటింగ్ ప్లయర్‌తో కోసినట్టున్నారు, లోపలి తీగ చివర నలిగి ముల్లులా లోపలికి వంగి ఉంది, అది ఇన్నర్‌ని ప్రతిసారీ గీరుతూ గీరుతూ, తుప్పు మధ్యలో సరిగ్గా ఆ చోట మాత్రం తీగ మీద వెండిలా మెరిసే గీత పడింది. కరకర అక్కడిదే.

ఈ తొడుగులో తీగ ఐడియా ఎవరిదంటే, ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అని ఒకాయన, 1896లో ఇంగ్లండులో పేటెంట్ తీసుకున్నాడు. ర్యాలీ సైకిళ్ల కంపెనీ ఫ్రాంక్ బౌడెన్ అనుకుంటారు చాలామంది, ఇంటి పేరు ఒకటే గానీ మనిషి వేరు. అంతకు ముందు, తర్వాత కూడా చాలా కాలం, ఇనప రాడ్లే. మా నాన్నగారి అట్లాస్ సైకిలుకి అవే, లివర్ లేపితే రాడ్డు పైకి లాగి, గుర్రపు నాడాలాంటి కమ్మీకి ఉన్న రెండు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు తగిలేవి. తుప్పు పట్టినా రాడ్డు రాడ్డే, గీరుకోదు, తెగదు, కాకపోతే వానలో అది ఆపేది ఉత్తిత్తినే, నాన్న చెప్పు నేలకి రాసి ఆపేవాడు. (ఆ అట్లాస్ వాళ్ల చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం, ఇంతకంటే ఏం చెప్తాం.) రాడ్డు తిన్నగా మాత్రమే పోగలదు, కేబుల్ ఎలా వంచితే అలా పోతుంది, దాని గొప్పా అదే, మనకొచ్చిన తంటా కూడా అదే, ఎలా వంచినా పోతుంది కదా అని ఎలా పడితే అలా వంచేస్తాం.

కొత్త ఇన్నరు, ఔటరు తేవడానికి షాపుకి వెళ్లాను. ఏ షాపో చెప్పను, కౌంటర్లో ఉన్న కుర్రాడు ఒక ఔటర్ చుట్ట తీసి ఇచ్చాడు, చూస్తే సన్నగా ఉంది, నాలుగు మిల్లీమీటర్లది, గేర్లది. "బాబూ ఇది బ్రేకుది కాదు" అంటే "ఏదైనా ఒకటే సార్, లోపల తీగ పోతే చాలు" అన్నాడు. ఒకటి కాదు. దయచేసి ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. బ్రేకు ఔటర్ లోపల చదునైన తీగ స్ప్రింగులా చుట్టచుట్టగా ఉంటుంది, ఎంత గట్టిగా నొక్కినా తట్టుకుంటుంది. గేరు ఔటర్ లోపల సన్న తీగలు పొడుగునా పక్కపక్కనే పడుకుని ఉంటాయి, చీపురు పుల్లల్లా, గేరు మార్చేటంత చిన్న బలానికి అది కుంగకుండా బాగా పని చేస్తుంది, కానీ బ్రేకు బలం పడితే ఆ పుల్లలు ప్లాస్టిక్ చీల్చుకుని బయటికి వచ్చేస్తాయి, అప్పుడు లివర్ హ్యాండిల్‌కి అంటుకుపోతుంది, బ్రేకు సున్నా. కోసిన చివర చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. బ్రేకుది ఐదు మిల్లీమీటర్లది, లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్నది ఒక మీటరున్నర తీసుకున్నా, చివర్లకి క్యాపులు నాలుగు.

ఇప్పుడు కేబుల్ దారి. అసలు ఈ పోస్టు రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

నేను ముందుగా ఒక అమెరికా ఆయన వీడియో చూశాను. ఆయన బండి మీద ముందు బ్రేకు కేబుల్ ఎంత అందంగా ఉందంటే, లివర్ నుంచి బయల్దేరి హ్యాండిల్ ముందర నుంచి పెద్ద నెలవంకలా తిరిగి బ్రేకులోకి దిగిపోతోంది. నేను అదే పొడుగు కొలిచి అదే దారిలో పెడితే నాకు మాత్రం నెలవంక రాలేదు, మడత పడింది. రెండు సార్లు వీడియో వెనక్కి పెట్టి చూస్తే అప్పుడు తట్టింది, ఆయన ముందు బ్రేకు ఎడమ చేతిది! అమెరికాలో ఎడమ లివర్ ముందు చక్రానికి, కుడిది వెనక్కి. మన దగ్గర, ఇంగ్లండులో, దానికి తలకిందులు, కుడి చేతిది ముందు. నా బండికి వీ బ్రేకులు, అంటే ఫోర్కుకి రెండు పక్కలా రెండు చేతుల్లా నిలబడి రిమ్ముని పట్టుకునేవి, షిమానో వాళ్లు 1996లో తెచ్చిన రకం. వాటికి కేబుల్ ఒక వంకర గొట్టంలోంచి లోపలికి పోతుంది, ఇంటర్నెట్‌లో దాన్ని నూడుల్ అంటారు, మా సైకిలు మేస్త్రి ఎల్ పైపు అంటాడు. నా బండికి ఆ ఎల్ పైపు కుడి పక్క ఉంది. ఎడమ లివర్ వాడికి కేబుల్ హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ పక్కకి దాటుకుని వస్తుంది కాబట్టి తీరిగ్గా వంగడానికి బోలెడు చోటుంది. నాకు లివరూ కుడి పక్కే, పైపూ కుడి పక్కే, మధ్యలో జానెడు కూడా లేదు, అంత చోటులోనే ఎడమకి చూస్తూ బయల్దేరిన కేబుల్ కిందకి తిరిగిపోవాలి.

చేతులు మార్చేద్దామా అని ఒక నిమిషం అనుకున్నా. కానీ మా అమ్మాయి అప్పుడప్పుడు వాళ్ల అమ్మ స్కూటీ నడుపుతుంది, దానికి ముందు బ్రేకు కుడి చేతిది, బైకులకీ అంతే, దీనికి మాత్రం ఎడమ అని పెడితే గాబరాలో చెయ్యి పాత అలవాటుకే పోతుంది. వద్దనుకున్నా.

సరే, మొదటిసారి పాత కేబుల్ కొలతకే కోశాను. పొట్టిగా ఉంది. లివర్ దగ్గర ఒక మడత, ఎల్ పైపు మూతి దగ్గర ఒక మడత, పైపు కూడా పక్కకి లాక్కుని వంకరగా నిలబడింది. అది ప్రమాదం కూడా, ఆ పైపు ఒక చిన్న గాడిలో కూర్చుని ఉంటుంది అంతే, పక్కకి లాగితే గాడిలోంచి ఊడి వచ్చేయగలదు, ఊడితే రెండు చేతులూ విప్పుకుని బ్రేకు లేనట్టే. రెండోసారి, పొట్టి అయితే బాధ కదా అని కసిగా పొడుగ్గా కోశాను, అది హ్యాండిల్ ముందర గాజులా ఒక పూర్తి చుట్టు తిరిగి, మా ఇంటి గుమ్మం గొళ్లేనికి తగులుకుంది. చూడ్డానికి మడత ఎక్కడా లేదు, గుండ్రంగా ఉంది, అయినా లివర్ బరువుగానే ఉంది. ఇది నాకు అర్థం కాలేదు.

అర్థం చేసింది మా అమ్మాయి. అది ప్లస్ టూ సైన్సు. నేను గొణుక్కుంటుంటే వచ్చి చూసి "నాన్నా, తాతయ్య ఎద్దుని ఎలా కట్టేవాడు" అంది. పలుపు గుంజకి రెండు చుట్లు చుట్టి కొస చేత్తో పట్టుకుంటే చాలు, ఎద్దు ఎంత గింజుకున్నా రాదు, ముడి కూడా అక్కర్లేదు. తాడు గుంజ చుట్టూ ఎన్ని డిగ్రీలు తిరిగిందో దాన్ని బట్టి రాపిడి పెరుగుతుంది, గుంజ లావా సన్నమా అన్నదాన్ని బట్టి కాదు. కేబుల్ కూడా ఔటర్ లోపల అదే పని చేస్తోంది. నోటుబుక్ వెనక లెక్క కట్టి చూపించింది. రాపిడి గుణకం, అంటే ఎంత రాపిడో చెప్పే అంకె, 0.1 అనుకుందాం, కేబుల్ లివర్ నుంచి బ్రేకు దాకా మొత్తం మీద 180 డిగ్రీలు తిరిగితే మనం లాగిన బలంలో సుమారు 27 శాతం దారిలోనే పోతుంది. అదే 360 తిరిగితే 47 శాతం. అంటే నా గాజు చుట్టు దాదాపు సగం బలాన్ని తినేస్తోంది, తుప్పు పట్టిన కేబుల్‌కైతే గుణకమే ఇంకా ఎక్కువ కాబట్టి ఇంకా తింటుంది. చిన్నప్పుడు మా నౌపడా గుణుపురం చిన్న గేజి రైలు వంపు వచ్చినప్పుడల్లా మూలుగుతూ పోయేది, 2004లో అది ఆపేశారు, 2011 నుంచి పెద్ద గేజీ నడుస్తోంది, ఆ మూలుగు ఇప్పుడు లేదు. అదే గుర్తొచ్చింది. కేబుల్‌కీ వంపు వంపుకీ ఒక మూలుగు ఉంది, మనకి వినపడదంతే.

కాబట్టి సంగతేంటంటే, పొట్టి అయితే మడత, పొడుగైతే చుట్టు. మడత పడకుండా ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది. మూడోసారి కొంచెం పొడుగ్గానే మొదలుపెట్టి రెండేసి సెంటీమీటర్లు కోసుకుంటూ వచ్చాను. ఇన్నర్ పెట్టకుండా ఉత్త ఔటర్‌ని లివర్లో, పైపులో గుచ్చి చూస్తూ, పైపు తనంతట తాను తిన్నగా ఎప్పుడు నిలబడుతుందో చూస్తూ. ఒక చోట, మూడో కోతో నాలుగో కోతో గుర్తులేదు, ఔటర్ లివర్ లోంచి వచ్చి ముందుకి కాస్త ఉబ్బి, కొడవలి వంపులా తిరిగి ఎల్ పైపులోకి తలొంచుకుని దిగింది, చెయ్యి వదిలేసినా అక్కడే ఉంది. అది చాలు. ఇంకొక్క మాట, నా బండికి ముందు సస్పెన్షన్ ఫోర్కు, అది నేల మీద బరువు పడి కుంగి ఉన్నప్పుడు కొలిస్తే పొట్టి అయిపోతుంది, ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్కు పూర్తిగా సాగాక కొలవాలి, మేస్త్రి చెప్తే గానీ తెలియలేదు.

కోతకి మామూలు ప్లయర్ వాడకండి, నలుగుతుంది. పదునైన కేబుల్ కట్టర్ మేస్త్రిని అడిగి తెచ్చుకున్నా, కోశాక చివర ఆకురాయితో చదునుగా అరగదీశా, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతే సూదితో గుండ్రంగా తెరిచా, అప్పుడు క్యాపు. ఈ ఐదు నిమిషాల పని చేయకపోవడం వల్లే కదా ఆ వెండి గీత.

లివర్ విషయంలో కూడా ఇన్నాళ్లూ తప్పే. అది నేలకి సమాంతరంగా, ముందుకి చూస్తూ ఉంది, అంటే నొక్కాలంటే మణికట్టు పైకి విరవాలి. సీటు మీద కూర్చుని చెయ్యి చాపి, మోచెయ్యి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండేలా లివర్‌ని కిందకి వాల్చాం. తర్వాత దాన్ని గ్రిప్పు నుంచి లోపలికి జరిపాం, ఎందుకంటే లివర్ కొసన నొక్కితే తక్కువ బలం చాలు, మొదట్లో నొక్కితే చెయ్యి నొప్పి తప్ప ఏం లేదు, మా అమ్మాయి రెండు వేళ్లు సరిగ్గా కొస మీద పడేలా కుదిర్చాం. దాని వేళ్లు చిన్నవి, లివర్ మరీ దూరంగా ఉంది, లివర్ పక్కన ఒక బుల్లి స్క్రూ ఉంటుంది, దాన్ని లోపలికి తిప్పితే లివర్ హ్యాండిల్‌కి దగ్గరికొస్తుంది, కొన్నప్పట్నుంచీ ఆ స్క్రూ అక్కడే ఉంది, ఎవరూ తిప్పలేదు. బిగించేటప్పుడు ఎలెన్ కీ పట్టుకుని చచ్చేలా బిగించొద్దు. మామూలుగా నొక్కితే కదలకూడదు, చేత్తో గట్టిగా మెలితిప్పితే మాత్రం తిరగాలి, అప్పుడు బండి పడితే లివర్ తిరుగుతుంది గానీ విరగదు.

(లివర్ కొత్తది కొనేవాళ్లకి ఒక మాట, వీ బ్రేకుల లివరూ పాత కాలిపర్ బ్రేకుల లివరూ బయటికి ఒకేలా ఉంటాయి, కానీ వీ బ్రేకుది దాదాపు రెండింతల తీగ లాగుతుంది. వీ బ్రేకులకి కాలిపర్ లివర్ పెడితే లివర్ హ్యాండిల్‌కి తగిలిపోతుంది, బ్రేకు మాత్రం పడదు.)

తర్వాతిదంతా త్వరగానే అయిపోయింది. లివర్ దగ్గర చేత్తో తిప్పే అడ్జస్టర్ పూర్తిగా లోపలికి తిప్పి ఒక చుట్టు వెనక్కి తీశా, ఇన్నర్ గుండు దాని గూట్లో కూర్చోబెట్టా, ఔటర్ ఎక్కించా, ఎల్ పైపు, దాని రబ్బరు తొడుగు, బ్రేకు చేతి మీద బోల్టు. రబ్బర్లకీ రిమ్ముకీ మధ్య చెరో పక్కా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచి బిగించా. రబ్బరు రిమ్ముకే తగలాలి, పైకి జరిగి టైరుకి తగిలితే టైరు కోసుకుపోతుంది. తీగ కొస ఒక రెండంగుళాలు ఉంచి కోసి, పోగులు విడిపోకుండా క్యాపు నొక్కాను. ఆ తర్వాత లివర్ పట్టుకుని పదిహేను ఇరవై సార్లు గట్టిగా, చేతి బలమంతా పెట్టి నొక్కాను. వదులైంది. కొత్త తీగ సాగుతుంది అంటారు, తీగ పెద్దగా సాగదు, ఔటరూ క్యాపులూ వాటి చోట్లలో సర్దుకుంటాయి. ఆ సర్దుకోవడమేదో ఇంట్లోనే అయిపోవాలి, వంతెన మీద కాదు. బోల్టు వదులు చేసి ఇంకో రెండు మిల్లీమీటర్లు లాగి బిగించా, మిగతాది అడ్జస్టర్‌తో.

హ్యాండిల్ ఎడమకి తిప్పా. పడలేదు. కుడికి తిప్పా. పడలేదు. నా మోకాలు మీద చెక్కు కట్టిన గాయం చూసుకుని ఇంకో నాలుగు సార్లు తిప్పా.

సాయంత్రం బండి వేసుకుని మహేంద్రతనయ ఏటి వంతెన దాటి పాతపట్నం వైపు వెళ్లొచ్చాం, నేను స్కూటీ మీద, మా అమ్మాయి సైకిలు మీద. మాకు ఇది రోజూ ఉన్నదే, ఇల్లు ఒడిశా, కూరగాయలు ఆంధ్రా. నీలమణి అమ్మవారి గుడి దగ్గర ఖాళీగా ఉన్న చోట చెప్పాను, కొంచెం స్పీడుగా వచ్చి ముందుది ఒక్కటే మెల్లగా నొక్కు, నడుం వెనక్కి పెట్టు, చేతులు గట్టిగా పెట్టు. మొదటిసారి భయపడి వెనకది కూడా పట్టింది. రెండోసారీ అంతే. నాలుగోసారి ఒక్క ముందుదే పట్టింది, బండి గీత గీసినట్టు ఆగింది, అది దిగి వెనక్కి తిరిగి ఎంత దూరంలో ఆగిందో అడుగులతో కొలుచుకుంది. నాతో ఏం అనలేదు, మళ్లీ వెళ్లి ఇంకోసారి చేసింది.

మర్నాడు కట్టర్ తిరిగి ఇవ్వడానికి వెళ్తే మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. లివర్ నొక్కి వదిలాడు, టక్కుమని వెనక్కొచ్చింది. ముందర ఉబ్బి ఉన్న కేబుల్‌ని వేలితో తాకి "ఇది ఇలగ ఎందుకొదిలేసినారు బావూ, టై కట్టీమంతారా" అన్నాడు. నేను మోకాలు చూపించాను. ఆయన పగలబడి నవ్వి, తన డబ్బాలోంచి తీసిన టై మళ్లీ డబ్బాలో పడేశాడు.

వెనక బ్రేకు ఇంకా అలాగే ఉంది, దానికి ఫ్రేము పొడుగునా మూడు చోట్ల ఔటర్ ముక్కలు మార్చాలి. ఔటర్ ముప్పావు మీటరు పైనే మిగిలింది, సరిపోతుందో లేదో కొలవాలి.